ఉప్పల్ నుంచి నాచారం దాకా మూసిన పిడికిలి

ఆ రోజుల్లో భక్తికి ఒక కొలత ఉండేది. ఇప్పటివాళ్ళు నమ్మరు గానీ, అది సరిగ్గా ఒక పిడికెడు. మా గుడికి (చర్చిని మేం గుడి అనే అనేవాళ్ళం, నా నోటికి ఇప్పటికీ అదే వస్తుంది) వచ్చే ప్రతి కుటుంబంలోనూ ఇల్లాలు పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు, వండబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి విడిగా ఒక కుండలో వేసేది. పూటకొక పిడికెడు. నెలలో మొదటి ఆదివారం ఉప్పల్, నాచారం, చుట్టుపక్కల పల్లెల నుంచి ఆ కుండలన్నీ నాచారం గుడికి చేరేవి. ఆరాధన అయ్యాక వాటిని ఒక పెద్ద చాప మీద కుమ్మరించి, సంపాదించే దిక్కు లేనివాళ్ళకు పంచేవారు. పిడికెడంటే ఎంత అని ఎవరైనా అడిగితే మా పాస్టరయ్య, "మీ మనసెంతనో గంత" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నేను నా చెయ్యి చూసుకుని దిగులుపడేదాన్ని. నాది కోడిపిల్ల పట్టేంత చెయ్యి. మా అత్తమ్మది చాటంత.

పెళ్ళయి బోడుప్పల్ నుంచి ఉప్పల్‌కు కాపురానికి వచ్చేనాటికి నాకు పంతొమ్మిదేళ్ళు. మా నాయన ఉపదేశి. పాస్టరు వెళ్ళలేని పల్లెల్లో ఆయనే ప్రార్థనలు నడిపేవాడు. అందుచేత నాకు నడకా వాక్యమూ ఒక్కసారే వచ్చాయి, వంట మాత్రం వచ్చే తొవ్వలో ఎక్కడో ఆగిపోయింది. బైబిల్లో ఏ అధ్యాయంలో ఏముందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. కూరలో ఉప్పు వేశానా లేదా అన్నది మెలకువగా ఉన్నప్పుడు అడిగినా చెప్పలేకపోయేదాన్ని. మా అత్తమ్మ దీనికి పూర్తిగా తలకిందులు. అక్షరం రాదు, చేతికి మాత్రం అన్నీ వచ్చు. గేదె పాలు పితకడం దగ్గర నుంచి ఇంటి కప్పు పెంకులు సర్దడం దాకా ఆమెకు రాని పని లేదు. అయితే ఆమె పిడికెడు బియ్యం వేసే తీరు చూస్తే నా ప్రాణం విలవిల్లాడేది. కళ్ళు మూయదు, పెదవి కదపదు. "గీ కంట్రోల్ బియ్యంల బియ్యమెన్ని, రాళ్ళెన్ని? వాని దుకాణం మీద మన్నువడ!" అని రేషను దుకాణంవాణ్ణి తిడుతూనే పిడికెడు తీసి కుండలోకి విసిరి, అదే చేత్తో గడపెక్కిన కోడిని అదిలించేది.

ఇలా విసిరింది దేవునికి ఎలా చేరుతుంది? దేవుడు చూసేది చేతిని కాదు, హృదయాన్ని అని మా నాయన ఎన్ని ఊళ్ళల్లో చెప్పలేదు! మనసు లేని పని ఊక కదా! రెండు మూడు రోజులు తెగ ఆలోచించి ఒక నిర్ణయానికి వచ్చాను. అత్తమ్మ పిడికెడు అత్తమ్మ వేసుకోనీ, దాని వెనుక నేనొక పిడికెడు ప్రార్థనతో వేస్తాను. పైకి మా ఇంటి పిడికెడు ఆమెదే, పరలోకంలో మాత్రం నాదే చెల్లుతుంది. (రాస్తుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది, అప్పుడు మాత్రం ఒళ్ళంతా పులకరించింది.) పైగా కుడిచేతి ధర్మం ఎడమచేతికి కూడా తెలియకూడదు కాబట్టి ఈ సంగతి భూమ్మీద ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టుకున్నాను.

రహస్యంగా చేయడానికి మా ఇంట్లో ఒకటే సమయం ఉండేది. పొద్దునా సాయంత్రమూ అందరం చాప మీద మోకరించి కళ్ళు మూసుకుంటే అత్తమ్మ ప్రార్థించేది. ఆ ప్రార్థన ఆదాముతో మొదలై, ఓడ ఎక్కి, ఐగుప్తులో చాలాకాలం బాధలుపడి, ఎర్రసముద్రం దగ్గరికి చేరేది. అక్కడ ఆమె గొంతు పెరిగేది. ఆ గొంతు మాటున నేను లేచి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, పిడికెడు తీసి, మూడు ముక్కల ప్రార్థన చేసి, గూట్లో ఉన్న కుండలో వేసి, ఇశ్రాయేలీయులు అవతలి ఒడ్డుకు చేరేలోపల మళ్ళీ చాప మీద మోకరించేదాన్ని. కుండలో ఎంత చేరిందో నేను ఎన్నడూ చూడలేదు, ఎవరూ చూడకూడదు కూడా. అది అత్తమ్మ చట్టం. "దేవునికిచ్చినంక తొంగి సూసుడేంది? ఇచ్చినమా, మర్సినమా, గంతే."

నెల సగానికి వచ్చేసరికి ఇంట్లో ఒక వింత మొదలైంది. ముగ్గురం తినే ఇంట్లో నెలకు సరిపోవలసిన బియ్యం పన్నెండో రోజుకే సగం కన్నా కిందికి దిగింది. అత్తమ్మ డబ్బాలోకి వంగి చూసి, "ఎలుకలు" అంది. వెంటనే పక్కింటి నుంచి ఎలుకల బోను వచ్చింది, చెక్క మీద ఇనుప కమ్మీ టప్పున పడే రకం. దాన్ని డబ్బా మూత దగ్గర పెట్టింది. మర్నాడు తెల్లారి చూస్తే బోను పడి ఉంది, ఎలుక లేదు. అదే రోజు మా ఆయన (నాచారంలో కొత్తగా వెలిసిన ఫ్యాక్టరీల్లో ఒకదాంట్లో మెషీను మీద పని) సాయంత్రం చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టుకుని ఇంటికి వచ్చాడు.

"ఏందిరా గది?" అంది అత్తమ్మ.

"మెషీన్ల పడ్డదమ్మా."

అంతే, ఆ పూట నుంచి ఇశ్రాయేలీయులతో పాటు ఆ మెషీను కూడా మా ఇంటి ప్రార్థనలో చేరింది. "ప్రభువా, గా మెషీను పండ్లు మూయించు, దానికి జర బుద్ధియ్యి" అని అత్తమ్మ వారం రోజులు వేడుకుంది. మా ఆయన ఆమెన్ మాత్రం ఎందుకో కొంచెం నెమ్మదిగా అనేవాడు.

ఇరవయ్యో రోజుకు డబ్బా అడుగు కనిపించింది. ఇక జొన్న గట్కే గతి. గట్క ముద్ద ముందు కూర్చుని మా ఆయన దాన్ని చూసే చూపు చూస్తే ఎవరికైనా కడుపు తరుక్కుపోయేది. నా రహస్య ధర్మానికి ఆ పది రోజులూ సెలవు. అత్తమ్మ మాత్రం ఆలోచిస్తూనే ఉంది. ఒకనాడు గేదెకు కుడితి పెడుతూ, నేను వినేటట్లు, గేదెతో అంది: "యాడన్న ఎలుకకు నాలుగు కాళ్ళుంటయి. మా ఇంట్ల ఎలుకకు రెండే కాళ్ళే. బోడుప్పల్ తొవ్వ గూడ ఎరుకనే దానికి."

ఆ ఎలుక నేనే. కోడలు అత్తింటి బియ్యం తల్లిగారింటికి మోస్తుందనడం కన్నా పెద్ద మచ్చ ఆ రోజుల్లో లేదు. అది నా ఒక్కదాని మచ్చ కాదు, ఊరూరా తిరిగి దొంగిలవద్దని చెప్పే మా నాయన నుదుటి మచ్చ. ఒక్క మాట చెబితే చాలు, మచ్చ పోతుంది. కానీ ఆ ఒక్క మాటతో నా రహస్యమూ పోతుంది, పరలోకంలో నా పేరు మీద చేరినదంతా పోతుంది. దొడ్లో గోడ పక్కన కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూ ఏడుస్తూ ఉండగా తట్టింది: చెయ్యని తప్పుకు నిందపడడం! ఎంత గొప్పవాళ్ళకు గానీ దొరకని భాగ్యం! నాకు పంతొమ్మిదేళ్ళకే దొరికింది! దాంతో మిగతా సగం ఏడుపు ఆనందంతో ఏడ్చాను.

"మొదటాదివారం రానీ" అంది అత్తమ్మ ఈసారి నాతోనే, "పాస్టరయ్య ముంగట పంచాయితీ వెడ్త. దొంగతనం దేలిందనుకో, మీ నాయిన్ని పిలిపించి నిన్ను అప్పజెప్త."

"పెట్టుండ్రి అత్తమ్మా" అన్నాను, విశ్వాసం కోసం ప్రాణమిచ్చే హతసాక్షి గొంతుతో.

ఒకటో తారీఖున కొత్త కంట్రోల్ బియ్యం వచ్చాయి. నాలుగు రోజులకే మొదటి ఆదివారం. పొద్దున ప్రార్థనకు మోకరించాం. ఐగుప్తు అయింది, ఎర్రసముద్రం వచ్చింది, నేను లేచాను. డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు తీసేసరికి ఇంట్లో నిశ్శబ్దం. ఆ రోజు ఇశ్రాయేలీయులు ఎర్రసముద్రం నడిమధ్యన ఆగిపోయారు. వెనక్కి తిరిగితే అత్తమ్మ, రెండు కళ్ళూ తెరుచుకుని, నా వెనకే నిలబడి ఉంది.

"దొరికిందిరా ఎలుక!"

మా ఆయన ఉలిక్కిపడి లేచాడు. ఎందుకో ఆయన ముఖం నాకన్నా ఎక్కువ పాలిపోయింది.

"తెరువు చెయ్యి."

"తెరువ అత్తమ్మా."

"ఏముందే అండ్ల?"

"చెప్ప."

"బియ్యమే గద?"

"చెప్ప."

చెప్పలేదు సరే, ఎడమచేతిని కూడా వీపు వెనక దాచుకున్నాను, కుడిచేతిలో ఏముందో అది చూడకుండా. (వాక్యాన్ని ఇంత జాగ్రత్తగా పాటించినవాళ్ళు మా జిల్లాలో ఇంకొకరు ఉండరని నా నమ్మకం.) మా ఆయన దగ్గరికొచ్చి, "జర తెరువరాదే, ఒడిసిపోతది" అని బతిమాలాడు.

"మీరు గూడ గట్లనే అంటున్నరా?" అని ఒక చూపు చూశాను. ఆయన తల దించుకున్నాడు.

"తెరువకు" అంది అత్తమ్మ కొంగు బిగించి. "గట్లనే రా గుడికి. పాస్టరయ్యనే తెరిపిస్తడు."

అలా బయల్దేరింది మా ఊరేగింపు. ముందు మా ఆయన, క్యారియరు మీద కుండ కట్టిన సైకిలును నడిపించుకుంటూ. వెనక నేను, పిడికిలి బిగించి. నా వెనక అత్తమ్మ, నేను దారిలో గింజ రాల్చకుండా కాపలా. ఉప్పల్ దాటాక పొలాల గట్లు, బండరాళ్ళు, సీతాఫలం పొదలు. సైకిలు వెనక చక్రం నేలకు అతుక్కుపోయింది, మా ఆయన రొప్పుతున్నాడు. "కుండ బరువుందేందిరా?" అంది అత్తమ్మ. "లేదమ్మా, మామూలే" అన్నాడాయన. అత్తమ్మ మళ్ళీ అడగలేదు. నేను లోలోపల నవ్వుకున్నాను. ఆ బరువు ఎవరిదో నాకు తెలియదా!

అసలు చిక్కు వందనాలతో వచ్చింది. మావాళ్ళు ఎదురుపడితే రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పాలి. పిడికిలితో జోడించడం ఎలా? కుడిచెయ్యి ఒక్కటే నుదుటి దాకా ఎత్తడం మొదలుపెట్టాను. నాచారం ఫ్యాక్టరీల దగ్గర షిఫ్టు దిగి గుంపుగా వస్తున్న పనివాళ్ళలో మా గుడి పెద్దమనిషి ఒకాయన కనిపిస్తే, అలవాటుగా పిడికిలి పైకెత్తి "వందనాలు!" అన్నాను. ఆయన వెనక నుంచి పదిమంది గొంతులు ఒక్కసారిగా "జిందాబాద్!" అన్నాయి. ఒకతను ముందుకొచ్చి, "ఏ యూనియనమ్మా మీది?" అని మర్యాదగా అడిగాడు. అత్తమ్మ, "మాది దొంగల యూనియన్ గని, నువ్వు తొవ్వ ఇడువు నాయినా" అంది.

ఆరాధన రెండు గంటలు. అందరూ చప్పట్లు కొడుతూ పాడుతుంటే నేను పిడికిలితో మోకాలి మీద కొట్టుకున్నాను. చెమటకు బియ్యం నాని మెత్తబడ్డాయి. ఇంకో గంట ప్రసంగం సాగితే అన్నమై ఉండేవి.

చివరికి కుండల వంతు వచ్చింది. చాప చుట్టూ అందరూ కూర్చున్నారు. పంపకానికి వచ్చినవాళ్ళలో అందరికన్నా ముందు బొగ్గుల అవ్వ, గుడి వెనక గుడిసెలో ఒంటరిగా ఉండే ముసలామె. రైలు ఇంజన్లు పారబోసిన బొగ్గు ఏరి అమ్ముకునేది. ప్రతి నెలా అన్నిటికన్నా నిండుగా వచ్చే కుండ మా స్త్రీల సమాజానికి పెద్దయిన హార్మోనియం అక్కది (గుడిలో హార్మోనియం వాయించేది ఆమే). ఆ రోజూ ఆమె కుండ బాగానే కుమ్మరించింది, మా అత్తమ్మ వంక ఒకసారి చూసి కూర్చుంది. తర్వాత మా ఆయన మా కుండ వంచాడు. ధార మొదలైంది. పడుతూనే ఉంది. హార్మోనియం అక్క కుప్పను దాటింది, దాన్ని కప్పేసింది, చాప అంచు దాకా పాకింది.

"హల్లెలూయా!" అన్నాడు పాస్టరయ్య కళ్ళద్దాలు సర్దుకుంటూ. "ముగ్గురు తినే ఇంట్ల గిన్ని బియ్యమెట్లమ్మా?"

అత్తమ్మ ముఖం మొదట వెలిగింది. తర్వాత నొసలు ముడిపడింది. తర్వాత మెల్లగా నా పిడికిలి వంక తిరిగింది. "అయ్యా, జర నా కోడలు చెయ్యి తెరిపియ్యుండ్రి" అంది, గొంతు పొద్దున ఉన్నంత గట్టిగా లేదు.

"తెరువు బిడ్డా" అన్నాడు పాస్టరయ్య.

"కుడిచెయ్యి జేసేది ఎడమచెయ్యికి తెలువద్దు గదయ్యగారూ."

"ఎడమచెయ్యికి చెప్పకు తియ్యి. నాకు చెప్పు."

ఈ సందు వాక్యంలో ఉన్నట్టు నాకు అప్పటిదాకా తోచలేదు. పిడికిలి తెరిచాను. నానిన బియ్యం అరచేతికి అతుక్కుని, గీతల్లో వరుసగా నిలబడి ఉన్నాయి. ఇక నోరు ఆగలేదు. "నేను ఎత్కపోలేదయ్యా, కుండలనే ఏసిన. దినాం రెండు పూటలు ప్రార్థన జేసి ఏసిన. అత్తమ్మ కోడిని కొట్టుకుంట, దుకాణపాయనను తిట్టుకుంట ఏస్తది గద, అది దేవునికి ఎక్కదని..."

అక్కడ ఆపి ఉండవలసింది అని వాక్యం సగంలో అర్థమైంది. గుడి అంతా అత్తమ్మ వంక చూసింది. అత్తమ్మ నా వంక చూసింది. నన్ను రక్షించడానికే అనుకుంటాను, మా ఆయన లేచి నిలబడ్డాడు.

"నేను గూడ ఏసినయ్యా. దినాం ఒకటి, తెల్లారకముందు. పోయిన నెల గుడికి పోతున్ననని చెప్పి మాట్నీకి పోయిన. గా పాపం కిందికి." ఇంకా గోరు నల్లగానే ఉన్న చూపుడువేలు పైకెత్తి చూపించాడు. "గిది మెషీన్ల గాదు. ఎలుకల బోన్ల."

"ఏ ఆదివారంరా?" అంది అత్తమ్మ పిడుగులా. "వారం దినాలు గా మెషీను కోసం మోకాళ్ళు అరగదీసుకుంటి గదరా!"

హార్మోనియం అక్క ఊరుకుంటుందా? కుప్పను కళ్ళతోనే కొలిచి, "మూడు చేతులకు గిన్ని గావు. ఇంకెవరిదో చెయ్యి ఉన్నది" అంది.

 అప్పుడు మా అత్తమ్మ, ఎవరికీ తలవంచని మనిషి, చాప వంక చూస్తూ అంది: "నాదే. పూటకు ఇంకొకటి ఎక్కువ ఏసిన. నీ కుండను ఓడగొట్టాల్నని. నా ఒక్క పిడికిలికి డబ్బా ఒట్టిదైతదనుకోలే. ఊకెనే పిల్లను అన్న."

గుడి కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వారు. కానీ మా సంఘపెద్ద ఒకాయన నవ్వలేదు. గొంతు సవరించుకుని, ఈ బియ్యం పంచడానికి వీల్లేదన్నాడు. ఒకరిది పంతం, ఒకరిది భయం, ఒకరిది గర్వం (ఇది నన్నే), ఉద్దేశం చెడ్డదైతే కయీను అర్పణ లాగా దేవుడు ముఖం తిప్పుకుంటాడన్నాడు. ఇంకొకాయన లేచి, ద్రాక్షతోటకు పోనని చెప్పి పోయిన కొడుకే గదా తండ్రి మాట విన్నవాడు, చేసిందే లెక్క అన్నాడు. అక్కడి నుంచి మొదలైంది! వాక్యం మీద వాక్యం. ఉద్దేశం పక్షాన వాదన బలహీనపడుతుంటే చూడలేక నేను కూడా లేచి, హృదయమే ముఖ్యమని నాలుగు వచనాలు అప్పజెప్పాను. అంటే నా బియ్యం పనికిరావని నేనే గట్టిగా వాదించానన్నమాట. మా ఆయన నన్ను కొంగు పట్టి కిందికి లాగాడు.

"అయ్యా" అంది బొగ్గుల అవ్వ.

ఎవరూ వినలేదు. ఆమె లేచి నిలబడింది.

"అయ్యా, నేను ఎసరు వెట్టొచ్చిన. మీ ముచ్చట ఒడిసెదాంక అది ఇగిరిపోతది."

పాస్టరయ్య ఆమె వైపు తిరిగాడు. "ఇంట్ల బియ్యం లేకుంట ఎసరెట్ల వెట్టినవే అవ్వా?"

"ఇయ్యాల మొదటాదివారం గదయ్యా" అంది ఆమె, ఇదేం ప్రశ్న అన్నట్టు. "మీ మనుసులల్ల ఏమున్నదో ఆయన సూసుకుంటడు, ఆయన పని అది. బియ్యం మాత్రం ఉడికిస్తే అన్నమే అయితయి."

 పాస్టరయ్య చాప ముందు మోకరించి, రెండు చేతులా బియ్యం తీసి ఆమె కొంగులో పోశాడు. నా అరచేతిలో మిగిలిన గింజలు కూడా దులిపి అందులోనే వేశాను. ఆమె వెనక్కి చూడకుండా, పరుగులాంటి నడకతో గుడిసె వైపు వెళ్ళిపోయింది. సంఘపెద్ద కాసేపు నిలబడి, తర్వాత ఆయనే చేట తెచ్చి పంచడంలో సాయం పట్టాడు.

తిరుగు ప్రయాణంలో అత్తమ్మ మా ఇద్దరికన్నా ముందు నడిచింది. ఉప్పల్ వచ్చింది, మా ఇంటి సందు వచ్చింది, ఆమె సందులోకి తిరగలేదు. "యాడికమ్మా?" అన్నాడు మా ఆయన. "బోడుప్పల్‌కు. వియ్యంకుని సూసి శాన దినాలాయె" అంది. పెళ్ళయ్యాక ఆమె ఆ గడప తొక్కడం అదే మొదలు. మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతూ ముగ్గురం దిగబడితే మా నాయన కంగారుపడి, "ఏమైందమ్మా?" అన్నాడు. అత్తమ్మ అరుగు మీద కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఏం గాలె. మీ బిడ్డ మంచిది. జర మొండిది. గది చెప్పిపోదామని వచ్చిన" అంది. మా అమ్మ వడ్డించిన జొన్నరొట్టె రెండు తిని, మూడోది అడిగి వేయించుకుంది. తప్పయిపోయిందన్న మాట ఆమె నోట ఆ రోజూ రాలేదు, ఆ తర్వాత ఎన్నడూ రాలేదు. నాకు మాత్రం ఆ మూడో రొట్టెతోనే అంతా తీరిపోయింది.

అత్తమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. ఆదివారం బడి పిల్లలు ఇప్పుడు నన్ను, "అమ్మమ్మా, మనసు ముఖ్యమా, పని ముఖ్యమా?" అని అడుగుతుంటారు. రెండూ కావాలి నాన్నా అని చెబుతాను, అది నిజమే. కానీ ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పని సంగతి ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ రోజు గుడిలో చెయ్యి తెరిచిన క్షణాన నా మనసులో దేవుడు లేడు, అవ్వ లేదు, వాక్యం లేదు. నేను దొంగను కాను, నేను దొంగను కాను అన్న కేరింత ఒక్కటే ఉంది. అరచెయ్యి చాపి, ముక్కు ఎగరేసుకుని నిలబడ్డ ఆ పిల్లను ఇప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని కాస్త బుద్ధి చెప్పాలనుకుంటాను. చెప్పబోతే నవ్వొస్తుంది. ఎందుకంటే, అంత పొరపాటుగా, అంత సంతోషంగా నేను దేవుణ్ణి మళ్ళీ ఎప్పుడూ సేవించలేదు.